షిఫ్టు మీద ఆడిన గాయకుడు

ఆ గాయకుడి పేరు నేను రాయను. రాస్తే మీలో కొందరైనా వెళ్ళి వింటారు. పోయాక కూడా అతనికి జరుగుతున్న మేలు అదే. నా చేతుల మీదుగా అది ఇంకొంచెం జరగడం నాకిష్టం లేదు. ఇంగ్లీషులో రాక్ పాటలు పాడేవాడని, రెండు మూడు రికార్డులకొకసారి మనిషి మనిషంతా మారిపోయేవాడని చెబితే చాలు. కొన్నాళ్ళు ముఖానికి వెండి రంగు. కొన్నాళ్ళు నున్నటి గుండు, కళ్ళకు కాటుక. ఆ తర్వాత బ్యాంకు మేనేజరులా తెల్ల సూటు. వేషం మారినప్పుడల్లా పాట తీరు కూడా మారేది, లోకం ముక్కున వేలేసుకునేది. అతను పోయి చాలాకాలమైంది. అయినా ఒక చలికాలమంతా అమెరికాలో హెర్న్‌డన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో కాపురమున్నాడు.

అతన్ని తెచ్చినవాడు మా బావమరిది. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. దేశానికి అవతలి ఒడ్డునున్న బాతెల్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాడు. కంపెనీ కొత్త రూపు దిద్దుకుంటోందని చెప్పి వాళ్ళ టీమ్ మొత్తాన్ని ఒక ఉదయం ఇంటికి పంపేశారు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే రెండు నెలల గడువు. ఆలోగా ఇంకో కంపెనీ అతని పేరున కాగితాలు వేయాలి, లేదా దేశం వదిలిపోవాలి. మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క ఇది. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, సోఫా, మంచం ఎవరెవరికో ఇచ్చేసి, రెండు సూట్‌కేసులతో విమానం దిగాడు.

"బావా, ఆ రెండోది మెల్లగా పెట్టు. రికార్డులున్నాయి."

"కోటేదిరా? బయట మంచు పడుతోంది."

"కోటుకి ప్లేస్ లేదు. నీది వేసుకుంటాలే. ఈ రికార్డులైతే నీ దగ్గర ఉండవుగా."

బావమరుదులు బావలను ఆటపట్టించడం మా వైపు హక్కు. నేనూ ఆ హక్కును ఎన్నడూ కాదనలేదు. కాని ఆ రోజు కారు ఎక్కించిన సూట్‌కేసులో పాటలు ఆడించే పెట్టె, రికార్డులు, గొట్టంలో చుట్టిన నిలువెత్తు పోస్టర్ ఉన్నాయి. సాయంత్రానికల్లా మా బేస్‌మెంట్ గోడమీద తెల్ల సూటులో ఆ మహానుభావుడు నిలబడి, నా వాటర్ హీటర్ వైపు చులకనగా చూస్తున్నాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను చదివింది బి.ఏ., అదీ తెలుగు మీడియం. మా ఆవిడ నర్సు ఉద్యోగం మీద డిపెండెంట్‌గా ఈ దేశం వచ్చాను. ఇంట్లో కూర్చోలేక లైబ్రరీ పుస్తకాల నుంచి లెక్కలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఒక కిరాణా సంస్థ గోదాములో ఏ వారం ఏ దుకాణానికి ఎన్ని పాలు, ఎన్ని గుడ్లు పంపాలో ముందుగా అంచనా కడతాను. అంచనా తప్పితే పాలు విరుగుతాయి. కాబట్టి నాకు గొప్ప మాటల మీద నమ్మకం తక్కువ, మిగిలిన సరుకు మీద ఎక్కువ.

కాని లెక్కలో నాకు మొదటి గురువు లైబ్రరీ కాదు, మా ఊరి సినిమా హాళ్ళు. మా కుర్రతనంలో ఒక హీరో గొప్పవాడా కాదా అన్నది వాదించి తేల్చేది కాదు, లెక్కపెట్టి తేల్చేది. సినిమా ఎన్ని ఊళ్ళలో వంద రోజులు ఆడింది? అంతే ప్రశ్న. అందులో మోసం ఉండేది. పెద్ద హాలులో జనం పలచబడగానే సినిమాను సందులోని చిన్న హాలుకు మార్చేవాళ్ళు. అక్కడా ఆడకపోతే రోజుకు ఒక్క ఆటకు తగ్గించి ఈడ్చేవాళ్ళు. వందోరోజు వచ్చేసరికి ఊరంతా పోస్టర్లు. హాలు మారకుండా ఆడితే డైరెక్ట్ అనేవాళ్ళం. మార్చి ఆడిస్తే షిఫ్టు. షిఫ్టు మీద వచ్చిన వంద రోజులు వంద రోజులు కావు. రెండు పక్షాల అభిమానులూ చొక్కాలు చించుకునే స్థాయికి వచ్చినప్పుడు నన్ను పిలిచేవాళ్ళు, ఎందుకంటే నేను ఏ హీరోకూ అభిమానిని కాను. షిఫ్టును షిఫ్టు అని చెప్పేవాణ్ణి. అందుకు రెండు పక్షాల చేతా తిట్లు తిన్నాను.

బావమరిది వచ్చిన మొదటి వారం ఓపిక పట్టాను. ఉదయం కాఫీ కాకముందే కింద నుంచి డ్రమ్ములు మొదలు. ఉద్యోగాలకు అప్లై చేస్తున్నప్పుడు కూడా అదే. భోజనాల దగ్గర అదే మాట.

"బావా, ప్రపంచంలో ఇంత ఇన్‌ఫ్లుయెన్స్ ఉన్న ఆర్టిస్ట్ ఇంకొకడు లేడు. మ్యూజిక్ వదిలెయ్, డ్రెస్సింగ్ చూడు, వీడియోలు చూడు. అందరూ ఆయన పిల్లలే."

"మరి ఎన్ని వారాలు ఆడాడు?"

"ఏంటి?"

"మొదటి స్థానంలో ఎన్ని వారాలున్నాడని. ఈ దేశంలో వారం వారం లిస్టు వేస్తారుగా."

"చార్ట్స్ చూసి ఆర్ట్‌ని జడ్జ్ చేస్తావా? నువ్వు పాల ప్యాకెట్ల మనిషివి బావా. నీతో కష్టం."

ఆ మాటతో ఊరుకుని ఉండవలసింది. ఊరుకోలేదు. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో కూర్చుని ఆ గాయకుడి జీవితమంతా పాత లిస్టుల్లో వెతికాను. నా పద్ధతి మా ఊరిదే. మొదటి స్థానానికి వెళ్ళి, అక్కడే నిలబడితే డైరెక్ట్. కింది మెట్ల మీద పైకీ కిందకీ తిరుగుతూ కాలం గడిపితే షిఫ్టు. అతను చనిపోయిన వారం జనం ఏడ్చి కొన్నవి రీ-రిలీజ్, కలపకూడదు.

ఫలితం నేను అనుకున్నదానికన్నా హీనంగా ఉంది. పై మెట్టు ఎక్కడమే అరుదు, ఎక్కినా నిలిచింది స్వల్పం. వెండి ముఖం కాలంలో, ఇవాళ అందరూ చేతులు జోడించే ఆ రికార్డులు, ఈ దేశంలో మధ్య మెట్ల మీద నిలబడి బిక్కముఖం వేసుకున్నాయి. బాగా అమ్ముడుపోయింది తెల్ల సూటు వేసి అందరూ ఎగిరే పాటలు పాడినప్పుడు. ఆ పాటలంటే అతని భక్తులకే సిగ్గు.

ఇంకొకటి కూడా కనిపించింది. అది లెక్క కోసం వెతికింది కాదు. రికార్డు అట్టల వెనక వాయించినవాళ్ళ పేర్లుంటాయి. వేషం మారిన ప్రతిసారీ ఆ పేర్లు మారిపోయాయి. వెండి ముఖం వెనక గిటార్ వాయించినవాడు గుండు వచ్చేసరికి లేడు. గుండుతో తిరిగిన డ్రమ్ములవాడు సూటు కుట్టించుకునేసరికి మాయం. కొత్తగా పుట్టానని ఒకడు చెప్పుకుంటున్నాడంటే, ఎవరికో ఉదయం పూట ఇంటికి వెళ్ళమని చెప్పేశారని అర్థం. కంపెనీలు ఇవాళ అదే విద్య అతని దగ్గర నేర్చుకున్నాయి. మా గోదాములో కూడా ప్రతి కొత్త మేనేజరూ తెరమీద సీతాకోకచిలుక బొమ్మ వేసి మార్పు గురించి మాట్లాడతాడు. మరుసటి నెల ఇద్దరు ముగ్గురి కుర్చీలు ఖాళీ. ఆ సీతాకోకచిలుక వెనక నాకు ఎప్పుడూ ఆ తెల్ల సూటే కనిపిస్తుంది. శాశ్వత ప్రభావం అంటే ఇదే అయితే, ఉందని ఒప్పుకుంటాను.

లెక్కంతా ఉప్మా తింటున్న బావమరిదికి వినిపించాను. విన్నాడు. స్పూను పక్కన పెట్టాడు.

"సరే. ఆ వారాల్లో ఆయన కన్నా పైన ఎవరున్నారు?"

పేర్లు చెప్పాను. అన్నీ గుర్తున్నాయి.

"ఇప్పుడు అందులో ఒక పాట పాడు."

నేను నీళ్ళు తాగాను.

"అక్కా! మీ ఆయన్ని ఒక్క లైన్ పాడమను!"

"పొద్దున్నే ఆయన చేత పాడించకురా, బాబూ" అంది మా ఆవిడ వంటింట్లోంచి. "నువ్వు ముందు ఆ ఇంటర్వ్యూ సంగతి చూడు."

ఇంటర్వ్యూ సంగతే అసలు సంగతి. అప్పటికే రెండు ఇంటర్వ్యూలు పోయాయి. వాడికి పని రాక కాదు. ఎదుటివాడు గబగబా ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలు వేస్తే నోరు ఎండిపోయేది, తెలిసిన జవాబు కూడా వచ్చేది కాదు. గడువులో సగం పైగా కరిగిపోయింది. ఇప్పుడు మూడోది వచ్చింది. ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ, రిచ్‌మండ్‌లో. వాడు చేసే టెస్టింగ్ పనే. ఇది పోతే ఇంకొకటి దొరికే వేళ లేదని ముగ్గురికీ తెలుసు.

ఆ శనివారం మధ్యాహ్నం బట్టలు డ్రయ్యర్‌లో వేద్దామని కిందికి దిగాను. రికార్డు తిరుగుతోంది. బావమరిది నా కోటు వేసుకుని, లాప్‌టాప్ ముందు నిటారుగా కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి. గొంతు రావడం లేదు. పాటలోని ప్రతి మాటకూ, ప్రతి దీర్ఘానికీ పెదాలు సరిగ్గా పడుతున్నాయి. తెరమీద వాడి ముఖమే వాడికి కనిపిస్తోంది. వెనక గోడ మీంచి పోస్టరు చూస్తోంది.

ఉద్యోగం బెంగతో మతి పోయిందనుకున్నాను.

"ఏం చేస్తున్నావురా?"

ఉలిక్కిపడి పాట ఆపాడు. "ఏం లేదు బావా. ప్రాక్టీస్."

"దేనికి?"

కాసేపు నసిగి చెప్పాడు. స్నేహితుడి స్నేహితుడొకడు ఉన్నాడట. ఇంటర్వ్యూ సమయానికి అవతలివాళ్ళకు తెలియకుండా పక్క ఫోనులో కలుస్తాడు. ప్రశ్నలు వింటాడు, జవాబులు అతనే చెబుతాడు. కెమెరా ముందు మనం పెదాలు కదిపితే చాలు. ఇలాంటిది ఉందని నేను విన్నాను గాని, నా ఇంట్లో, నా కోటు వేసుకుని చేస్తారని అనుకోలేదు.

"దొరికితే?"

"దొరకను. చూశావుగా, ఎంత పర్ఫెక్ట్‌గా వచ్చిందో."

"దొరికితే ఈ ఉద్యోగమే కాదు, ఇంకో ఉద్యోగం కూడా రాదు."

"రాకపోతే ఎలాగూ ఫ్లైట్ ఎక్కాలిగా బావా. ఏం తేడా?" అని పోస్టరు వైపు చూపించాడు. "ఆయన ఇంకొకడిగా మారినప్పుడల్లా గెలిచాడు. నేను ఒక్క గంట మారితే తప్పా?"

నాకు ఆ తెల్ల సూటు మీద అంతవరకూ ఉన్నది అయిష్టం. ఆ క్షణంలో అది పగ అయింది.

పైకి వచ్చి మా ఆవిడతో చెప్పాను.

"ఏవండీ, వాడు మీ మాట వినడు. మీ లెక్క వింటాడు. ఏదో ఒకటి చెప్పండి."

"ఏం లెక్క చెప్పను?"

"నాకేం తెలుసు? నేను అరిస్తే ఇంకా మొండికేస్తాడు."

మర్నాడు ఉదయం ఆ గొంతు మనిషితో రిహార్సల్. నన్ను కూర్చుని చూడమన్నాడు బావమరిది. తప్పు పట్టేవాడు ఒకడు ఉండాలట. ఫోనులో వినిపించిన గొంతు కుర్రవాడిది, హైదరాబాదు వైపు యాస.

"అన్నా, టెన్షన్ తీస్కోకుర్రి. మీరు లిప్స్ కదిలిస్తే చాలు, నేనున్న కదా. ఆ, క్వశ్చన్ అడగుర్రి."

నేనే ప్రశ్న చదివాను. అతను ఇంగ్లీషులో జవాబు ఎత్తుకున్నాడు. దంచేస్తున్నాడు. బావమరిది పెదాలు అతని వెనకాల పరుగెత్తుతున్నాయి. నిన్నటి పాటకు పడినట్టు పడటం లేదు. అతను ఆగినచోట వీడి నోరు తెరిచి ఉంది, అతను మొదలుపెట్టినచోట వీడు గుటక వేస్తున్నాడు. అంతలో పైనుంచి మా ఆవిడ కేక వేసింది.

"ఒరేయ్! దోసె చల్లారిపోతోంది, వస్తావా రావా?"

"ఆఁ, వస్తున్నానక్కా!" అన్నాడు బావమరిది.

"ఆఁ అక్కా, అస్తున్న!" అంది ఫోను.

రెండూ ఒక్కసారే. ఫోనులో ఎక్కడో పెనం చుర్రుమంది. అతనింట్లోనూ దోసెలే కాబోలు.

"సారీ అన్నా," అంది ఫోను. "మా అక్క అనుకున్న."

బావమరిది నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వు అయ్యాక వాడు, "రేపు అక్కని షాపింగ్‌కి పంపేద్దాం బావా, సరిపోతుంది" అన్నాడు. దాంతో నా నవ్వు ఆగిపోయింది.

ఫోను పెట్టించాను. వాడి ఎదురుగా కూర్చున్నాను.

"నిన్న పాటకు నీ పెదాలు ఎందుకు పడ్డాయో చెప్పనా? ఆ పాట నీకు హైస్కూలు నుంచీ తెలుసు. వాడు ఎక్కడ ఊపిరి తీస్తాడో కూడా తెలుసు. ఈ కుర్రాడి ఊపిరి నీకెప్పుడు తెలుసు? వాడి వాక్యం ఎక్కడ ఆగుతుందో వాడికే తెలియదు. అంచనా కట్టడం నా ఉద్యోగం. ఈ సరుకు విరుగుతుంది."

వాడు ఫోను బోర్లా పెట్టాడు.

"ఇంకొకటి. నీ దేవుడి వేషాలన్నీ నేను వరసగా చూశాను, నీకన్నా శ్రద్ధగా. జుట్టు మార్చాడు, బట్టలు మార్చాడు, పక్కనున్నవాళ్ళందరినీ మార్చేశాడు. అట్ట వెనక పాడినవాడి పేరు మారిన రికార్డు ఒక్కటి తీసి చూపించు. గొంతు అద్దెకు తెచ్చుకున్నది ఒక్కటి. చూపిస్తే రేపు మీ అక్కను నేనే షాపింగ్‌కి తీసుకెళ్తాను."

రికార్డులవైపు చూశాడు గాని లేవలేదు. లేవనక్కరలేదని వాడికి తెలుసు. ఆ క్షణంలో నేను ఎవరికి వకాలతు పుచ్చుకున్నానో నాకు అర్థమై, నోరు చేదెక్కింది. కాని చెప్పాల్సింది చెప్పేశాను. పైకి వెళ్ళి దోసె తిన్నాను. కాసేపటికి వాడూ వచ్చి తిన్నాడు. తింటూనే ఆ కుర్రవాడికి వద్దని మెసేజ్ పెట్టాడు.

ఇంటర్వ్యూ రోజున మా ఆవిడ డ్యూటీకి వెళ్ళింది. నేను సెలవు పెట్టి బేస్‌మెంట్ మెట్ల మీద, కెమెరాకు కనిపించని చోట కూర్చున్నాను. అవతలి గొంతు పెద్దవయసు అమెరికన్‌ది, తొందర లేనిది. మొదటి ప్రశ్నకు మావాడు తడబడ్డాడు. రెండోదానికి నోరెండిపోయిన చప్పుడు నాకు వినిపించింది. నాకు తెలియదండీ, తెలుసుకోవాలంటే ఇలా వెతుకుతాను అని చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. నేను రెయిలింగ్ పట్టుకుని కూర్చున్నాను. రిహార్సల్‌లో ఆ కుర్రవాడు దంచిన జవాబు గుర్తొచ్చింది. తప్పు సలహా ఇచ్చానా అనిపించింది.

అప్పుడు ఆ పెద్దాయన, మీ వెనక గోడమీదున్నది ఫలానా ఆయనేనా అని అడిగాడు. పోస్టరు తీయడం ఇద్దరం మరిచిపోయాం. అవునన్నాడు మావాడు. తెల్ల సూటు వేశాక మనిషి చెడిపోయాడు, అంతకుముందు రికార్డులు నా దగ్గరున్నాయి అన్నాడు పెద్దాయన.

నా బావమరిది ఉద్యోగం కోసం కూర్చున్నానన్న సంగతి మరిచిపోయాడు. గొంతు లేచింది. ఇంగ్లీషు తన్నుకుంటూ వచ్చింది. ఆ సూటు లేకపోతే తర్వాతి రికార్డులు లేవని, అమ్ముడుపోయినదాన్ని బట్టి మనిషిని తీసెయ్యకూడదని వాదన. మా బావ మొత్తం లెక్క తీశాడు, ఆయనకు ఈ గాయకుడంటే గిట్టదు, అయినా తీశాడు అంటూ మా ఊరి హాళ్ళ సంగతి మొదలుపెట్టాడు. పెద్ద హాలు, చిన్న హాలు, వంద రోజులు, డైరెక్ట్, షిఫ్టు. రిచ్‌మండ్‌లోని ఒక అమెరికన్‌కి. నేను తల పట్టుకున్నాను.

తర్వాత పెద్దాయన మెల్లగా అడిగాడు. పెద్ద సర్వర్ మీద ఫెయిలైన టెస్టు, రోగులు తక్కువుండే చిన్న సర్వర్‌కు మార్చాక పాసైందనుకో. మేనేజరు తొందర పెడుతున్నాడు. నువ్వు పాస్ అని రాస్తావా?

"రాయను," అన్నాడు మావాడు, వెంటనే. "షిఫ్టు అని రాస్తాను. పక్కన పాత హాలు పేరు కూడా రాస్తాను."

పెద్దాయన నవ్విన నవ్వు మెట్ల మీదికి కూడా వినిపించింది.

అదే కంపెనీతో ఇంకో ఇంటర్వ్యూ జరిగింది. గడువు చివరి వారంలో కంపెనీ కాగితాలు వేసింది. ఆ ఈమెయిల్ వచ్చినప్పుడు మా ఆవిడ తమ్ముడి వీపు మీద రెండు గుద్దులు గుద్ది ఏడ్చింది. వాడు నా భుజాలు పట్టుకుని ఊపాడు.

"చూశావా బావా? ఆయనే ఇప్పించాడు!"

"ఎవడు?"

"ఇంకెవరు?" అని నేల వైపు, అంటే బేస్‌మెంట్ వైపు చూపించాడు.

లెక్క నాది. నియమం మా ఊరిది. జవాబు వాడి నోట్లోంచి వచ్చింది. పేరు మాత్రం ఆ సూటువాడికి. ఇలాగే అతను జీవితమంతా పేరు తెచ్చుకున్నాడని నేను వాదించదలచాను. మా ఆవిడ చూసిన చూపుకు ఊరుకున్నాను.

రిచ్‌మండ్‌లో వాడికి దొరికిన గది చిన్నది. రికార్డులు పట్టాయి, పోస్టరు పట్టలేదు. "ఉంచుకో బావా, నీకు తోడు" అని కారెక్కాడు. నా కోటు కూడా వాడితోనే వెళ్ళింది. కారు వీధి మలుపు తిరగగానే నేను బేస్‌మెంట్‌కి దిగి, ఒక మూల పట్టుకుని పోస్టరును లాగాను. ఏ జిగురు వాడాడో, గోడ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి వచ్చింది. మనిషి ఎత్తున తెల్లటి మచ్చ, దూరం నుంచి చూస్తే సూటులాగే ఉంది.

రంగులు వేసేవాడు వసంతం వచ్చేదాకా ఖాళీ లేదన్నాడు. ఆ మచ్చ చూసిన ప్రతిసారీ మా ఆవిడ నా వైపు చూస్తోంది. టేపు పెట్టి నిడివి, వెడల్పు కొలిచాను. ఇంట్లో ఉన్న పటాలు, క్యాలెండర్లు, దేవుడి బొమ్మలు, పాత దుప్పట్లు కూడా కొలిచాను. ఏదీ చాలలేదు. ఆ మచ్చను అంచుల దాకా కప్పేది ఒకటే ఉంది. దాన్నే మళ్ళీ గోడకెక్కించాను, ఈసారి నాలుగు మూలలకూ చిన్న మేకులు కొట్టి.